హార్మోన్లు, యాంటీబాడీలు: చెన్నైకి వైద్యం కోసం వచ్చే మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి పొద్దున్నే రైలెక్కి చెన్నై సెంట్రల్లో దిగి, డాక్టరుకి చూపించుకుని రాత్రికి ఇల్లు చేరే తెలుగువాళ్లు చాలామంది. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, డాక్టరుగారు తమిళం కలిపి మాట్లాడతారు, ఓపీలో వెనక ఇంకో యాభై మంది ఉంటారు. అసలు సందేహాలు తిరుగు ప్రయాణంలో మొదలవుతాయి. ఇక్కడ ఇమ్యునాలజీ ల్యాబ్‌లో పనిచేసే తెలుగు మనిషిని కాబట్టి ఆ ఫోన్లు నాకు వస్తుంటాయి. అడిగేవాళ్లు మారుతుంటారు, ప్రశ్నలు మాత్రం అవే. వాటిని వయసుల వారీగా ఒకచోట పెట్టాను. ఏ జవాబు దానికదే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసినదే చదువుకోండి. మందు మొదలుపెట్టడం, మానడం, మోతాదు మార్చడం మాత్రం మీ డాక్టరుతో మాట్లాడాకే.

## అసలు సంగతి

యాంటీబాడీ అంటే ఏంటి? ఇమ్యూనిటీ అంటే అదేనా?

యాంటీబాడీ ఒక ప్రొటీన్. రక్తంలోని బి కణాలు ఏదైనా క్రిమినో, టీకానో గుర్తుపట్టాక వాటిలో కొన్ని ప్లాస్మా కణాలుగా మారి దీన్ని తయారుచేస్తాయి. ముందుగా వచ్చేది ఐజీఎం, తర్వాత బలంగా నిలిచేది ఐజీజీ. చనుబాలలో, పేగుల్లో, ముక్కులో కాపలా కాసేది ఐజీఏ. అలర్జీలో కనబడేది ఐజీఈ. ఇమ్యూనిటీలో ఇది ఒక భాగం మాత్రమే. టి కణాలు, క్రిమిని మింగేసే కణాలు, చర్మం కూడా అందులోవే. కాబట్టి యాంటీబాడీల అంకె ఒక్కటే చూసి ‘నా ఇమ్యూనిటీ ఇంత’ అనుకోకూడదు.

ఆడ హార్మోన్లు, మగ హార్మోన్లు యాంటీబాడీల మీద ఎలా పనిచేస్తాయి?

ముందు ఒక దిద్దుబాటు. ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్, ప్రొజెస్టెరాన్ మూడూ ఆడవాళ్లలోనూ ఉంటాయి, మగవాళ్లలోనూ ఉంటాయి. తేడా మోతాదులోనే.

బి కణాల లోపల ఈస్ట్రోజెన్‌ని పట్టుకునే రిసెప్టర్లు ఉంటాయి. హార్మోన్ వచ్చి అతుక్కోగానే ఆ జంట డీఎన్ఏ దగ్గరికి వెళ్లి కొన్ని జీన్ల పని పెంచుతుంది. వాటిలో ముఖ్యమైనది ఏఐడీ అనే ఎంజైమ్‌ది. ఈ ఎంజైమ్‌ని జపాన్‌లో తసుకు హోంజో బృందం 1999లో కనుగొంది. ఐజీఎం చేస్తున్న బి కణం ఐజీజీకో ఐజీఏకో మారాలన్నా, యాంటీబాడీ పట్టు ఇంకా గట్టిపడాలన్నా ఏఐడీ ఉండాల్సిందే. ఈస్ట్రోజెన్ ఈ ఎంజైమ్ ఉత్పత్తిని నేరుగా పెంచుతుందనీ, ప్రొజెస్టెరాన్ తగ్గిస్తుందనీ 2009లో ప్రయోగాల్లో చూపించారు. ఈస్ట్రోజెన్ ఇంకో పని కూడా చేస్తుంది. మన శరీరంలోని భాగాలనే శత్రువులుగా పట్టుకునే బి కణాలు మామూలుగా పుట్టిన చోటే చనిపోవాలి. ఈస్ట్రోజెన్ బాగా ఎక్కువగా ఉంటే వాటిలో కొన్ని తప్పించుకుని బతికిపోతాయని ఎలుకల్లో తేలింది.

టెస్టోస్టెరాన్ దారి వేరు. బి కణం బతకడానికి బాఫ్ అనే ప్రొటీన్ కావాలి. టెస్టోస్టెరాన్ ఆ బాఫ్‌ని అదుపులో ఉంచుతుంది. అది తగ్గిన మగవాళ్లలో బాఫ్ ఎక్కువగా ఉందని స్వీడన్ పరిశోధకులు 2018లో చూపించారు. ఎముక మజ్జలో కొత్త బి కణాలు పుట్టే వేగాన్ని కూడా టెస్టోస్టెరాన్ తగ్గిస్తుంది.

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: హార్మోన్లు పొయ్యి వెలిగించవు, వెలిగిన పొయ్యి మీద మంట పెంచడం తగ్గించడం చేస్తాయి. క్రిమి గానీ టీకా గానీ రాకుండా హార్మోన్ ఒక్కటే యాంటీబాడీని పుట్టించలేదు.

టెస్టోస్టెరాన్ యాంటీబాడీలను తగ్గిస్తుందని ఎవరు, ఎలా కనిపెట్టారు?

ఈ కథ కోడి దగ్గర మొదలవుతుంది. కోడికి రెట్ట వచ్చే దారి పక్కన బర్సా అనే చిన్న సంచి ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడే దాన్ని తీసేస్తే ఆ కోడి యాంటీబాడీలు చేయలేకపోతోందని 1956లో అమెరికాలోని ఒహాయోలో బ్రూస్ గ్లిక్, తిమోతీ చాంగ్ గమనించారు. మూడేళ్లకి ఇంకో బృందం గుడ్డులో ఉన్న పిండానికే టెస్టోస్టెరాన్ జాతి హార్మోన్ ఇచ్చి చూసింది. బర్సా తయారే కాలేదు. కత్తి పెట్టకుండా, ఒక హార్మోన్‌తోనే యాంటీబాడీల మూలాన్ని మూసేశారన్నమాట. నాకు ఇప్పటికీ ఈ ప్రయోగం గురించి చదివితే ఒళ్లు పులకరిస్తుంది.

తర్వాత 1978లో లూపస్ (యాంటీబాడీలు సొంత శరీరం మీదే తిరగబడే జబ్బు) వచ్చే జాతి ఎలుకలతో ప్రయోగం జరిగింది. మగ ఎలుకల వృషణాలు తీసేస్తే జబ్బు తొందరగా ముదిరింది, ఆడ ఎలుకలకి మగ హార్మోన్ ఇస్తే ఎక్కువకాలం బతికాయి. మనుషుల విషయానికొస్తే, 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్లూ టీకా వేసుకున్నవాళ్లని పరీక్షించారు. టెస్టోస్టెరాన్ ఎక్కువగా ఉన్న మగవాళ్లలో యాంటీబాడీలు తక్కువగా వచ్చాయి. ఆ హార్మోన్ తక్కువగా ఉన్న మగవాళ్లు మాత్రం దాదాపు ఆడవాళ్లలాగే స్పందించారు.

మరి యాంటీబాడీల్లో ఆడ, మగ తేడా అంతా హార్మోన్ల వల్లేనా?

కాదు. ఆడవాళ్లకి రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి, రోగనిరోధక శక్తికి పనికొచ్చే జీన్లు చాలా వాటి మీదే ఉన్నాయి. రెండిట్లో ఒకటి ప్రతి కణంలోనూ నిద్రలో ఉండాలి. కానీ టీఎల్ఆర్7 అనే జీన్ కొన్ని కణాల్లో నిద్రపోకుండా రెండువైపులా పనిచేస్తుందని 2018లో చూపించారు. వైరస్ ఆర్ఎన్ఏని పసిగట్టి బి కణాన్ని రెచ్చగొట్టే జీన్ అది. క్లైన్‌ఫెల్టర్ అనే స్థితిలో పుట్టిన మగవాళ్లకి రెండు ఎక్స్‌లు, ఒక వై ఉంటాయి. వాళ్లకి లూపస్ వచ్చే అవకాశం మామూలు మగవాళ్ల కంటే 14 రెట్లు ఎక్కువని అంచనా. వాళ్లలో టెస్టోస్టెరాన్ కూడా తక్కువే కాబట్టి ఏది ఎంత కారణమో విడదీయడం కష్టం. వయసు, తిండి, ఒళ్లు, చిన్నప్పుడు వచ్చిన ఇన్ఫెక్షన్లు కూడా లెక్కలోకి వస్తాయి.

## ఎదిగే వయసు, నెలసరి

చిన్నపిల్లల్లో ఆడ, మగ తేడా ఉండదా?

ఉంటుంది, కొద్దిగా. యుక్తవయసు వచ్చాకే బాగా బయటపడుతుంది. ఉబ్బసమే చూడండి. పదేళ్ల లోపు మగపిల్లల్లో ఎక్కువ, పెద్దయ్యాక ఆడవాళ్లలో ఎక్కువ. లూపస్ కూడా అంతే. చిన్నపిల్లల్లో ఆడ, మగ తేడా తక్కువ, పిల్లలు కనే వయసులో పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లే.

మా పాపకి ఇంకా పీరియడ్స్ రాలేదు. హెచ్‌పీవీ టీకా ఇప్పుడే ఎందుకంటున్నారు?

హెచ్‌పీవీ అంటే గర్భసంచి ముఖద్వారానికి కేన్సర్ తెచ్చే వైరస్. 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఈ టీకా వేస్తే పదహారు, ఇరవై ఏళ్లవాళ్ల కంటే యాంటీబాడీలు ఎక్కువగా వస్తాయి. అందుకే ఆ వయసులో తక్కువ డోసులు సరిపోతాయి. మగపిల్లల్లోనూ ఇలాగే బాగా వస్తాయి కాబట్టి ఇది ఈస్ట్రోజెన్ మహిమ కాదు, లేత వయసు బలం. వైరస్ తగలకముందే వేయించాలన్నది రెండో కారణం. పెద్దమనిషి అయ్యేదాకా ఆగాల్సిన పనే లేదు. ఈ టీకా వల్ల పిల్లలు పుట్టరన్న మాట ఊళ్లలో తిరుగుతోంది, దాన్ని నమ్మకండి.

పీరియడ్స్ టైంలో ఇమ్యూనిటీ పడిపోతుందా? టీకా వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చు. నెలలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి గానీ, టీకాకి వచ్చే యాంటీబాడీలు వారాల తరబడి తయారయ్యేవి. ఒక్కరోజు హార్మోన్ స్థాయి వాటిని చెడగొట్టదు. 2021 ఏప్రిల్‌లో ‘నెలసరికి ముందు అయిదు రోజులు, తర్వాత అయిదు రోజులు కోవిడ్ టీకా వద్దు’ అంటూ వాట్సాప్‌లో మెసేజ్ తిరిగింది. కేంద్ర ప్రభుత్వమే అది అబద్ధమని చెప్పాల్సి వచ్చింది. కోవిడ్ టీకా తర్వాత పీరియడ్స్ కాస్త అటూ ఇటూ అయిన మాట నిజమే. 2022లో అమెరికాలో వచ్చిన పెద్ద అధ్యయనంలో సగటు ఆలస్యం ఒక్కరోజు కూడా లేదు, తర్వాత సర్దుకుంది కూడా.

అయితే కొందరికి నెలసరి ముందు రోజుల్లో కీళ్ల నొప్పులు, అలసట, చర్మం మీద మచ్చలు పెరుగుతాయి. అది ఊహ కాదు. తేదీలు డైరీలో రాసి డాక్టరుకి చూపించండి.

నాకు పీసీఓఎస్ ఉంది. మగ హార్మోన్ ఎక్కువంటున్నారు. నాకు యాంటీబాడీలు తక్కువగా ఉంటాయా?

అలా ఉండదు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో థైరాయిడ్‌ని దెబ్బతీసే టీపీఓ యాంటీబాడీలు మిగతావాళ్ల కంటే ఎక్కువగానే కనిపిస్తున్నాయి. అండం సరిగా విడుదల కాకపోతే ప్రొజెస్టెరాన్ తగ్గుతుంది, ఈస్ట్రోజెన్‌కి అడ్డు తగ్గుతుంది, బహుశా అదే కారణమని నిపుణుల ఆలోచన. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఒకసారి చూపించుకోండి.

## టీకాలు

ఆడవాళ్లకి టీకా బాగా పనిచేస్తుందంటే సగం డోసు చాలా?

అమెరికాలో సరిగ్గా ఇదే పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఫ్లూ టీకా సగం డోసు తీసుకున్న ఆడవాళ్లలో వచ్చిన యాంటీబాడీలు, పూర్తి డోసు తీసుకున్న మగవాళ్లతో ఇంచుమించు సమానంగా ఉన్నాయి. ఎల్లో ఫీవర్, హెపటైటిస్ బి, రేబిస్ టీకాల్లోనూ ఆడవాళ్లలో స్పందన ఎక్కువగా కనిపించింది. అలాగని మీ అంతట మీరు డోసు తగ్గించుకోకూడదు. సగటు లెక్క వేరు, మీ ఒంటి లెక్క వేరు. ముఖ్యంగా కుక్క కరిచినప్పుడు వేసే టీకాలో ఒక్క డోసు కూడా వదలకండి.

ఈ తేడాకి ఇంకో ముఖం కూడా ఉంది. జ్వరం, చెయ్యి వాపు, ఒళ్లు నొప్పులు ఆడవాళ్లలోనే ఎక్కువ. ‘నువ్వు మరీ సుకుమారం’ అని ఇంట్లో అంటే బాధపడకండి, శరీరం నిజంగానే ఎక్కువ స్పందిస్తోంది. టీకాల ట్రయల్స్‌లో ఆడ, మగ ఫలితాలు విడివిడిగా చూపించాలని పరిశోధకులు ఏళ్లుగా అడుగుతున్నారు, ఇంకా అన్నిచోట్లా జరగడం లేదు. ఇది నాకు కోపం తెప్పించే విషయం.

కోవిడ్ వచ్చి తగ్గాక మా ఆయనకే యాంటీబాడీలు ఎక్కువ చూపించింది. మరి ఆడవాళ్లకే ఎక్కువన్న మాట తప్పా?

తప్పు కాదు. కోవిడ్ మగవాళ్లలో ఎక్కువ తీవ్రంగా వచ్చింది. జబ్బు ఎంత తీవ్రమైతే వైరస్ ఒంట్లో అంత ఎక్కువసేపు ఉంటుంది, యాంటీబాడీలూ అంత ఎక్కువగా తయారవుతాయి. ఇక్కడ ఎక్కువ అంకె అంటే ఎక్కువ దెబ్బ తగిలిందని అర్థం.

హార్మోన్ మీదే యాంటీబాడీలు పుట్టించే టీకా ఉందని విన్నాను. నిజమేనా?

నిజమే, అదీ మన దేశంలోనే. ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీలో జి.పి. తల్వార్ బృందం గర్భం నిలబెట్టే హెచ్‌సీజీ హార్మోన్‌కి వ్యతిరేకంగా టీకా తయారుచేసింది. 1994లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, యాంటీబాడీలు సరిపడా ఉన్న ఆడవాళ్లలో 1224 నెలసరి చక్రాలకి ఒకే ఒక్క గర్భం వచ్చింది. యాంటీబాడీలు తగ్గాక మళ్లీ గర్భం నిలిచింది. అయితే సరిపడా యాంటీబాడీలు అందరిలోనూ రాలేదు. ఇది ప్రయోగదశలోని టీకా. మీకు ఆసుపత్రిలో వేసే ఏ మామూలు టీకాలోనూ ఇది ఉండదు.

## కడుపుతో ఉన్నప్పుడు, కాన్పయ్యాక

కడుపుతో ఉంటే ఇమ్యూనిటీ పడిపోతుందా?

‘పడిపోతుంది’ అనేది సరైన మాట కాదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ రెండూ చాలా రెట్లు పెరిగి, బిడ్డని పరాయి వస్తువుగా చూడకుండా వ్యవస్థ పద్ధతి మార్చుకుంటుంది. యాంటీబాడీలు తయారవుతూనే ఉంటాయి, టీకాలకి స్పందన బాగానే ఉంటుంది. ఐజీజీ మీద అతుక్కుని ఉండే చక్కెర గొలుసులు గర్భంలో మారి, వాపు పుట్టించే గుణం తగ్గుతుంది. ఈస్ట్రోజెన్ ఆ చక్కెరల అమరికని మారుస్తుందని తేలింది. ఫ్లూ, మలేరియా లాంటివి మాత్రం చూలింతల్లో ముదురుతాయి, జ్వరం వస్తే ఇంట్లో కూర్చోవద్దు.

నా యాంటీబాడీలు బిడ్డకి వెళ్తాయా?

వెళ్తాయి, ఐజీజీ మాత్రమే. మాయలో దాన్ని మోసుకెళ్లే ప్రత్యేక రిసెప్టర్ ఉంటుంది. ఎక్కువ భాగం ఏడో నెల తర్వాతే చేరుతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డలో ఐజీజీ తల్లితో సమానంగా, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువగా ఉంటుంది. నెలలు నిండని బిడ్డలకి ఆ రక్ష తక్కువ. అందుకే కోరింత దగ్గు నుంచి కాపాడే టీడాప్ టీకాని 27 నుంచి 36 వారాల మధ్య వేయమంటారు. మీజిల్స్ టీకా బిడ్డకి తొమ్మిది నెలలు నిండాక వేయడానికీ కారణం ఇదే, అమ్మ యాంటీబాడీలు ఇంకా ఉంటే టీకా సరిగా పట్టదు. కాన్పయ్యాక ముర్రుపాలతో ఐజీఏ అందుతుంది. ముర్రుపాలు పిండి పారబోసే అలవాటు ఏ ఇంట్లో ఉన్నా మాన్పించండి.

మంచివే కాదు, హాని చేసేవీ వెళ్తాయి. తల్లికి గ్రేవ్స్ (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) యాంటీబాడీలుంటే బిడ్డ థైరాయిడ్ చూడాలి. లూపస్ లాంటి జబ్బుల్లో కనిపించే యాంటీ రో (Ro) యాంటీబాడీ ఉంటే వందలో ఇద్దరు బిడ్డలకి గుండె కొట్టుకోవడంలో అడ్డు వస్తుంది, దానికి కడుపులో ఉండగానే గుండె స్కాన్ చేస్తారు.

కడుపుతో ఉన్నప్పుడు కీళ్లవాతం తగ్గిపోయింది. కాన్పయ్యాక మళ్లీ ఎందుకు విరుచుకుపడింది?

సుమారు సగంమందికి ఇలాగే జరుగుతుంది. అమెరికా డాక్టర్ ఫిలిప్ హెంచ్ 1938లో ఇదే గమనించి, గర్భంలో ఏదో పదార్థం వాపుని తగ్గిస్తోందని వెతికాడు. ఆ వెతుకులాట కార్టిజోన్ దాకా వెళ్లి 1950లో నోబెల్ తెచ్చిపెట్టింది. కాన్పు కాగానే హార్మోన్లు ఒక్కసారిగా కిందికి పడతాయి, పాలిచ్చేటప్పుడు ప్రొలాక్టిన్ పెరుగుతుంది, నొప్పులు తిరిగొస్తాయి. బాలింతగా ఉన్నప్పుడు బిడ్డని ఎత్తుకోలేనంత నొప్పి ఉంటే ‘పచ్చి ఒళ్లు, అలాగే ఉంటుంది’ అని ఊరుకోకండి. పాలిస్తూ వాడదగ్గ మందులు ఉన్నాయి.

కాన్పయిన ఏడాదిలోపు గుండెదడ, నీరసం, విపరీతమైన ఏడుపు వస్తుంటే థైరాయిడ్ కూడా చూపించండి. టీపీఓ యాంటీబాడీలున్నవాళ్లలో ప్రసవం తర్వాత థైరాయిడ్ వాపు తరచుగా వస్తుంది.

లూపస్ ఉంది. పిల్లల్ని కనొచ్చా? కడుపు రాగానే మాత్రలన్నీ మానేయాలా?

ఇది ఎక్కువగా కన్నీళ్లతో వచ్చే ప్రశ్న. కనొచ్చు, ముందుగా ప్లాన్ చేసుకుంటే. జబ్బు కనీసం ఆరు నెలలు అదుపులో ఉన్నాక గర్భానికి ప్రయత్నిస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం బాగా తగ్గుతుంది. కిడ్నీ దెబ్బతిని ఉంటే ముందే చెప్పాలి.

మాత్రలన్నీ ఒకేలాంటివి కావు. మైకోఫెనోలేట్, మెథోట్రెక్సేట్, లెఫ్లునోమైడ్ బిడ్డకి హాని చేస్తాయి, వీటిని గర్భానికి ముందే డాక్టరు మారుస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం మానకూడదు. మానేస్తే జబ్బు ఎగదన్నుతుంది, బిడ్డకి కూడా ఈ మాత్ర వల్ల మేలే. అజాథయోప్రిన్, తక్కువ మోతాదు ప్రెడ్నిసొలోన్ కూడా కొనసాగిస్తారు. బీపీ పెరగకుండా తక్కువ డోసు ఆస్పిరిన్ ఇస్తారు.

‘కడుపుతో ఉన్న పిల్లకి ఇన్ని మాత్రలా’ అని పెద్దవాళ్లు అడ్డం పడటం, ఆ పిల్ల భయపడి మానేయడం, అయిదో నెలలో కిడ్నీలు పాడై అంబులెన్స్‌లో రావడం ఎన్నోసార్లు విన్నాను. అత్తగార్లకి, అమ్మలకి నా మనవి: చెకప్‌కి మీరూ కూడా రండి, డాక్టరు నోటితోనే వినండి. సెంట్రల్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ రుమటాలజీ (కీళ్లవాతం, లూపస్ చూసే) విభాగం ఉంది.

నాది నెగటివ్ గ్రూపు, మా ఆయనది పాజిటివ్. ఆ ఇంజెక్షన్ యాంటీబాడీనా?

అవును, యాంటీ డి అనేది రెడీమేడ్ యాంటీబాడీ. బిడ్డ రక్తకణాలు మీలోకి వస్తే మీ బి కణాలు చూడకముందే తుడిచేస్తుంది. 28వ వారంలో ఒకటి, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు ఇంకొకటి. గర్భస్రావం జరిగినా అడిగి వేయించుకోండి.

ఐవీఎఫ్ ఇంజెక్షన్లతో ఈస్ట్రోజెన్ బాగా పెరుగుతుందట. లూపస్ ఉన్నవాళ్లు చేయించుకోవచ్చా?

జబ్బు అదుపులో ఉంటే చేయించుకోవచ్చు. అసలు భయం రక్తం గడ్డకట్టడం గురించి. ముందుగా యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు చూడాలి. అవి ఉంటే రక్తం పలచబడే ఇంజెక్షన్ ఇస్తారు, అండాలు పెరగడానికి ఇచ్చే మందుల మోతాదు జాగ్రత్తగా ఎంచుతారు. చెన్నైలో ఫెర్టిలిటీ సెంటర్లకి వచ్చే మనవాళ్లలో కొందరు, వద్దంటారేమోనన్న భయంతో లూపస్ సంగతి చెప్పడం లేదు. దయచేసి దాచకండి, ప్రాణం మీదికొస్తుంది.

## లూపస్, థైరాయిడ్, కీళ్లవాతం

ఈ జబ్బు ఎక్కువగా ఆడవాళ్లకే ఎందుకొస్తుంది? నేను ఏం తప్పు చేశాను?

మీరే తప్పూ చేయలేదు. క్రిముల మీద బలంగా యాంటీబాడీలు చేసే గుణమే, దారి తప్పితే సొంత శరీరం మీదికి తిరుగుతుంది. ఈస్ట్రోజెన్ దానికి తోడ్పడుతుంది, రెండో ఎక్స్ క్రోమోజోము తోడ్పడుతుంది, పుట్టుకతో వచ్చిన జీన్లు, ఎండ, కొన్ని వైరస్‌లు కూడా తోడవుతాయి. మీ ఒంట్లో ఈస్ట్రోజెన్ మామూలుగానే ఉండి ఉంటుంది, చాలామంది రోగుల్లో అంతే. వంకాయ తిన్నందుకో, పెళ్లి ఆలస్యమైనందుకో రాలేదు. పెళ్లి చేస్తే తగ్గుతుందని అనేవాళ్లకీ ఇదే జవాబు.

గర్భం రాకుండా వేసుకునే పిల్స్ వాడొచ్చా?

లూపస్ స్థిరంగా ఉండి, యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు లేకపోతే పిల్స్ వల్ల జబ్బు ఎక్కువ కాలేదని 2005లో వచ్చిన ట్రయల్ చూపించింది. ఆ యాంటీబాడీలుంటే ఈస్ట్రోజెన్ ఉన్న పిల్స్ అసలు వద్దు, కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టవచ్చు. వాళ్లకి కాపర్ టి లాంటివి మేలు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ముందు ఆ రక్తపరీక్ష అయిందో లేదో చూసుకోండి.

మగ హార్మోన్ ఇస్తే లూపస్ తగ్గాలి కదా?

అలాగే ఆలోచించి డీహెచ్ఈఏ అనే బలహీనమైన మగ హార్మోన్‌తో ట్రయల్స్ చేశారు. ప్రయోజనం కొద్దిగానే కనిపించింది, మొటిమలు వచ్చాయి, మామూలు చికిత్సగా నిలబడలేదు. ఎలుకల్లో పనిచేసిందల్లా మనుషుల్లో పనిచేయదు. కానీ ఆ ఆలోచన పక్కనే ఇంకో దారి ఫలించింది. బి కణాన్ని బతికించే బాఫ్‌ని అడ్డుకునే బెలిముమాబ్ మందుకి లూపస్ కోసం 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది.

మగవాళ్లకి ఈ జబ్బులు రావా?

వస్తాయి. మగవాళ్లలో లూపస్ అరుదు గానీ కిడ్నీ దెబ్బతినడం ఎక్కువ. ‘ఇది ఆడవాళ్ల జబ్బు’ అనుకుని పరీక్ష ఆలస్యమవుతుంది. ముఖం మీద ఎర్రమచ్చలు, కీళ్ల నొప్పులు, మూత్రంలో నురగ కలిసి కనిపిస్తే మగవాళ్లు కూడా ఏఎన్ఏ (సొంత కణాల మీద యాంటీబాడీలున్నాయేమో చూసే) పరీక్ష గురించి అడగాలి.

## నలభై అయిదు దాటాక

ముట్లు ఆగిపోయాక యాంటీబాడీలు తగ్గిపోతాయా? హార్మోన్ మాత్రలు వేసుకుంటే పెరుగుతాయా?

ఈస్ట్రోజెన్ తగ్గేసరికి టీకాల స్పందనలో ఆడవాళ్లకి ఉన్న మొగ్గు కొంత తగ్గుతుంది. అందుకే వయసు మీదపడ్డాక ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఇద్దరికీ ముఖ్యమే. ఇమ్యూనిటీ కోసమని హార్మోన్ మాత్రలు ఎవరూ వేసుకోకూడదు. ఒంట్లో ఆవిర్లు భరించలేనంతగా ఉంటే, ఎముకల కోసం అయితే డాక్టరు ఆలోచిస్తారు. లూపస్ ఉన్నవాళ్లలో ఆ మాత్రల వల్ల చిన్నపాటి, మధ్యస్థ ఫ్లేర్లు (జబ్బు ఎగదన్నడం) పెరిగాయని 2005 ట్రయల్‌లో తేలింది.

మా నాన్నకి ప్రోస్టేట్ కేన్సర్. టెస్టోస్టెరాన్ తగ్గించే ఇంజెక్షన్లు ఇస్తున్నారు. టీకాలు వేయించొచ్చా?

వేయించొచ్చు. ఆ ఇంజెక్షన్లు యాంటీబాడీల తయారీని ఆపవు. కీమో కూడా నడుస్తుంటే ఏ టీకా ఎప్పుడన్నది కేన్సర్ డాక్టరు చెప్తారు.

నేను ట్రాన్స్ మహిళని, ఈస్ట్రోజెన్ వాడుతున్నాను. నాకు లూపస్ వస్తుందా?

హార్మోన్ వాడే చాలామందికి రాదు. హార్మోన్ మారితే రోగనిరోధక వ్యవస్థ మారుతుందన్నది మాత్రం నిజం. టెస్టోస్టెరాన్ మొదలుపెట్టిన ట్రాన్స్ పురుషులలో వైరస్‌లని ఎదుర్కొనే ఇంటర్‌ఫెరాన్ స్పందన తగ్గిందని 2024లో స్వీడన్ నుంచి వచ్చిన అధ్యయనం చూపించింది. మీ ఇంట్లో ఎవరికైనా లూపస్ గానీ రక్తం గడ్డకట్టే సమస్య గానీ ఉంటే హార్మోన్ డాక్టరుకి ముందే చెప్పండి. టీకాలు అందరిలాగే. షాపులో కొని సొంతంగా ఇంజెక్షన్లు వేసుకోవద్దు.

## రిపోర్టులు, తిండి

ఏఎన్ఏ పాజిటివ్ వచ్చింది. లూపస్ వచ్చేసినట్టేనా?

టెన్షన్ పడకండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లని పరీక్షించినా 1:40 (రక్తాన్ని 40 రెట్లు పలచన చేసి చూడటం) దగ్గర వందలో 30 మందికి, 1:80 దగ్గర 13 మందికి, 1:160 దగ్గర అయిదుగురికి పాజిటివ్ వస్తుంది. ఆడవాళ్లలో, వయసు పైబడినవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. లక్షణాలు ఉన్నాయా, సొంత డీఎన్ఏ మీదికి తిరిగే డీఎస్ డీఎన్ఏ యాంటీబాడీ ఉందా, మూత్రంలో ప్రొటీన్ పోతోందా అన్నవి కలిపి చూసి నిర్ణయిస్తారు. నెలనెలా ఏఎన్ఏ చేయించుకోవడం డబ్బు దండగ, ఆ అంకెతో జబ్బు తీవ్రత తెలియదు.

యాంటీబాడీ పరీక్షలు నెలసరిలో ఏ రోజు చేయించుకోవాలి?

ఏ రోజైనా సరే. ఐజీజీ సగానికి తగ్గడానికే దాదాపు మూడు వారాలు పడుతుంది, రోజుల్లో మారదు. ఎఫ్ఎస్‌హెచ్, ఈస్ట్రడయాల్ లాంటి హార్మోన్ పరీక్షలకే రోజు ముఖ్యం, సాధారణంగా రెండో రోజో మూడో రోజో చేస్తారు. జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ల్యాబ్‌లో చెప్పండి. థైరాయిడ్, హార్మోన్ రిపోర్టులు దాని వల్ల తప్పుగా రావచ్చు, రెండు మూడు రోజుల ముందు ఆపమంటారు.

అవిసెగింజలు, సోయా తింటే ఈస్ట్రోజెన్ పెరిగి యాంటీబాడీలు పెరుగుతాయా?

వాటిలో ఈస్ట్రోజెన్‌ని పోలిన పదార్థాలు ఉన్నాయి గానీ చాలా బలహీనమైనవి. కూరలో, పొడిలో తినే మోతాదుకి యాంటీబాడీలు పెరగవు, లూపస్ ముదరదు. అవిసె కారప్పొడి ఇష్టమైతే హాయిగా తినండి. ఇమ్యూనిటీ బూస్టర్ పేరుతో అమ్మే పొడులు, మొలకెత్తిన అల్ఫాల్ఫా మాత్రలు మాత్రం లూపస్ ఉన్నవాళ్లు ముట్టుకోవద్దు. అల్ఫాల్ఫాలోని కెనవనిన్ అనే పదార్థం లూపస్‌ని రెచ్చగొడుతుంది. ఏదైనా పొడి కొన్నట్లయితే డబ్బా వెనక లేబుల్ ఫోటో తీసి తర్వాతి చెకప్‌కి తీసుకెళ్లండి.